ఫోనులో వేగం, ల్యాప్‌టాప్‌లో నత్తనడక: ముందు బ్యాండ్ చూడండి

కడపలో మీ ఇంట్లో ఒకే గదిలో, ఒకే వైఫై మీద ఫోనుకు 90 ఎంబీపీఎస్ వస్తుంటే ల్యాప్‌టాప్‌కు 6 దాటడం లేదన్నారు. అదే చోట ఫోనుకు వేగం అందుతోంది కాబట్టి లైనును అనుమానించనక్కర్లేదు. దయచేసి పెద్ద ప్లానుకు డబ్బు పోయకండి.

విండోస్ సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరవండి. కింద ‘నెట్‌వర్క్ బ్యాండ్’ (వైఫై నడిచే రేడియో తరంగాల పరిధి, మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండుంటాయి) అన్నచోట 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే కారణం దాదాపు దొరికినట్టే. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు (బ్యాండ్‌లోని చిన్న దారులు) 1, 6, 11 మాత్రమే. ఇరుగుపొరుగు రూటర్లన్నీ వాటి మీదే పోటీ పడతాయి. బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే. ల్యాప్‌టాప్‌కు ఆనించి యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పెట్టినా ఆ సిగ్నల్ దెబ్బతింటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు.

రూటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు చూపిస్తుంటే, రద్దీ తక్కువుండే 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి, ల్యాప్‌టాప్‌ను దానికే కలపండి. అయితే అది గోడలను అంతగా దాటలేదు. మన వైపు పాత ఇళ్ల మందపాటి రాతి గోడలైతే మరీ కష్టం. రూటర్‌ను గోడగూట్లోంచి తీసి, గదిలో ఎత్తుగా, తలుపుకు ఎదురుగా ఉంచండి.

ల్యాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ అసలు కనబడకపోతే దాని వైఫై కార్డు పాతదై ఉండవచ్చు. రెండు బ్యాండ్ల యూఎస్‌బీ అడాప్టర్ సరిపోతుంది. కొనేముందు ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను తయారీదారు సైటు నుంచి ఒకసారి కొత్తది వేసి చూడండి. అప్పటికీ మారకపోతే అదే వైఫై ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ (రూటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య వేగం) ఎంత చూపిస్తోందో రాయండి.