ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్‌ను చివరిదాకా పూర్తి చేయించేది ఏమిటి?

చాలామందిని ముగింపు గీత దాకా నడిపించేది గెలుపు మీద ఆశ కాదు, తమకు తాము ఇచ్చుకున్న మాట నిలబెట్టుకోవాలన్న పట్టుదల. ఈ పోటీలో ఒకదాని వెంట ఒకటిగా 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు, ఇవన్నీ సాధారణంగా 17 గంటల్లోపు ముగించాలి. అంత దూరాన్నీ ఒక్కసారిగా తలచుకుంటే గుండె జారిపోతుంది కనుక, తర్వాతి మంచినీళ్ల బల్ల వరకు, ఆ తర్వాతి మలుపు వరకు అంటూ దాన్ని చిన్న చిన్న గమ్యాలుగా విడగొట్టుకుంటారు. 1982 ఫిబ్రవరిలో హవాయిలో మహిళల పోటీలో ముందున్న జూలీ మాస్, గీతకు కొద్ది గజాల దూరంలో కుప్పకూలి, మొదటి స్థానం కళ్లెదుటే చేజారినా, చేతులు నేలకు ఆనించి పాకుతూనే రెండో స్థానంలో ముగించారు. తేడా 29 సెకన్లు. ఇలాంటివారికి నొప్పి తెలియదనుకోవడం పొరపాటు. బాగానే తెలుస్తుంది, అది అలసటో గాయమో గుర్తుపట్టడం సాధనతో అలవడుతుంది, గాయమైతే ఆగిపోవడమే సరైన నిర్ణయం.