ఉద్యోగం, పిల్లల మధ్య మళ్లీ కన్సోల్ గేమ్స్ ఆడటం కుదురుతుందా?

కాలేజీలో పీఎస్2 (ప్లేస్టేషన్ 2) ఆడి వదిలేశారు, ఇప్పుడు హన్మకొండలో ఉద్యోగం, పిల్లలు పడుకున్నాక గంట ఖాళీ అన్నారు. కుదురుతుంది. ఇప్పటి కన్సోళ్లలో మీకు అక్కరకొచ్చేది గ్రాఫిక్స్ కాదు, ఆపిన చోటు నుంచే ఆట మొదలవడం. పీఎస్5ని పూర్తిగా ఆపకుండా రెస్ట్ మోడ్‌లో, అంటే నిద్రలో పెట్టి లేస్తే, మళ్లీ ఆన్ చేయగానే అదే మలుపు, అదే శత్రువు. కాకపోతే మధ్యలో కరెంటు పోయిందంటే అదంతా పోయినట్టే. ఎండాకాలం గాలిదుమారం లేస్తే మన దగ్గర ఇది మామూలే కదా, అందుకే సేవ్ చేసే లేవండి. మైక్రోసాఫ్ట్ కన్సోళ్లయిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ఎక్స్‌లలోని క్విక్ రెజ్యూమ్ అనే సదుపాయం ఆటను ఎస్ఎస్‌డీలో, అంటే కరెంటు పోయినా చెరగని స్టోరేజీలో దాస్తుంది కాబట్టి ఈ బెంగ తక్కువ.

కానీ సిరీస్ ఎస్‌కు డిస్క్ డ్రైవ్ లేదు. నన్నడిగితే డిస్కు పట్టే పీఎస్5 మేలు. ఆడేసిన డిస్కు అమ్ముకోవచ్చు, పీఎస్4 డిస్కులూ దాదాపు అన్నీ నడుస్తాయి. మీ పాత పీఎస్2 డిస్కులు మాత్రం నడవవు.

అప్‌డేట్లు రెస్ట్ మోడ్‌లోనే దిగేలా పెట్టుకోండి, లేకపోతే ఆ గంటా డౌన్‌లోడ్ గీత చూడటానికే సరి. మొదట్లోనే పెద్ద ఓపెన్ వరల్డ్ ఆటల (విశాలమైన లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరిగేవి) జోలికి పోకండి. ఫుట్‌బాల్ మ్యాచ్ అయితే పావుగంటలో తేలిపోతుంది. ఆన్‌లైన్ ఆటలకు పాజ్ ఉండదు, బాబు లేచి ఏడిస్తే టీమంతా మిమ్మల్నే తిట్టుకుంటుంది.