ఇటుకల పండుగ రోజుల్లో అరకు దారి: పజోరు ఇవ్వాలా, ఊళ్లోకి వెళ్లవచ్చా?

ఏప్రిల్‌లో పాడేరు మీదుగా అరకు వెళుతున్నామని, దారిలో ఆడవాళ్లు వెదురు గడలు అడ్డం పెట్టి డబ్బులు అడుగుతారని విన్నామని రాశారు. ఇవ్వకపోతే గొడవ అవుతుందా, అసలు అక్కడి ఆదివాసీల ఇటుకల పండుగను బయటివాళ్లు చూడవచ్చా అని కూడా అడిగారు. గొడవ కాదు. చూడవచ్చు. హుకుంపేట మండలంలో ఒక కొండ ఊరి బడిలో కొన్నేళ్లు పాఠాలు చెప్పినవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ డబ్బుల సంగతి. అక్కడ దాన్ని పజోరు అంటారు. చైత్రమాసంలో ఇటుకల పండుగ జరిగే రోజుల్లో మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకు అడవికి పోతారు. ఊరూ, ఊరి ముందు దారీ ఆడవాళ్ల చేతికి వస్తాయి. దారికి అడ్డంగా గడో తాడో కట్టి బస్సు, జీపు, మోటారు సైకిలు, ఏది వచ్చినా ఆపుతారు. ఆ వారం కలెక్టరు కారైనా ఆగవలసిందే అని మా ఊరి ముసలమ్మలు గొప్పగా చెప్పుకునేవారు. నేను ఎక్కిన బస్సును ఒకసారి ఇలాగే ఆపారు. డ్రైవరు హారన్ కొట్టాడు. వాళ్లు ఆ హారన్‌కే తాళం వేసి పాట అందుకున్నారు. పాటంతా ఆదివాసీ ఒడియాలో, అదీ డ్రైవరు పొట్ట మీద. మాట అర్థం కాకపోయినా ఎవరి గురించో బస్సులో అందరికీ తెలిసిపోయింది. కండక్టరు నవ్వు ఆపుకోలేక సంచిలో చెయ్యి పెట్టి చిల్లర తీశాడు. గడ లేచింది.

కాబట్టి పదులూ ఇరవైలూ చిల్లరగా దగ్గర ఉంచుకోండి. పాడేరు నుంచి హుకుంపేట, డుంబ్రిగుడ మీదుగా అరకు వెళ్లే దారిలో ఇలాంటి అడ్డుగడలు చాలాచోట్ల తగులుతాయి. చేతిలో డబ్బు లేకపోతే ఆ మాటే చెప్పండి, దిగి వాళ్లతో రెండు అడుగులు ఆడమంటారు, అంతే. కిటికీ అద్దం దించకుండా నోటు బయటికి విసిరేసి పోయేవాళ్లను చూశాను. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. అది ముష్టి కాదు, పండుగ వాటా. అలా పోగైన డబ్బుతో పండుగ చివర ఊళ్లో విందు చేసుకుంటారు.

వేట విషయం కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను చంపడం నేరం, అటవీ శాఖ వాళ్లు ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు. నేనున్న రోజుల్లో వేటకు వెళ్లడమే ఆచారంగా మిగిలింది, దొరికేది బహు తక్కువ. ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్లకు మాత్రం ఊరి మొగలో పేడనీళ్ల స్వాగతం తప్పేది కాదు. మా బడిలో పనిచేసే ఒక పెద్దమనిషి, నలుగురిలో నోరెత్తని నెమ్మదస్తుడు, చీకటి పడేదాకా బడి గోడ వెనుక నక్కి కూర్చున్నాడు. ఆయన ఎక్కడున్నాడో ఆడవాళ్లకు చెప్పేసింది మా రెండో తరగతి పిల్లలే! ఆ వారం బడికి ఎవరూ సరిగా వచ్చేవారు కాదు, ఈ పనికి మాత్రం అందరూ హాజరు.

చూడటానికి వచ్చినవాళ్లు వేటా, థింసా నాట్యం ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. నా మటుకు అసలు పండుగ విత్తనాల దగ్గర ఉంది. ముహూర్తాలు పెట్టే దిసారి మంచిరోజు చెబుతాడు. ఆ రోజు ఇంటింటి నుంచీ చోళ్లు (రాగులు), సామలు, వరి, కందులు, ఆ ఏడు ఏవి వేయదలచుకుంటే అవి గుప్పెడు గుప్పెడు తెచ్చి ఊరి దేవుడైన శంకుదేవుడి దగ్గర పెడతారు. మా ఊళ్లో శంకుదేవుడికి గుడి కట్టలేదు, చెట్టు కింద రాళ్లే. పూజ అయ్యాక ఆ గింజలన్నీ కలిపేసి, అడ్డాకు దొప్పల్లో మళ్లీ ఇంటింటికీ పంచుతారు. నా చేతిలోనూ ఒక దొప్ప పెట్టారు. మసిరంగు సామల మధ్య ఎర్రటి చోళ్లు, అక్కడక్కడా ఒక కందిగింజ. ఏ గింజ ఎవరి ఇంటిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. వాటిని తమ విత్తనాల్లో కలుపుకుని, వానలు పడ్డాక చల్లుతారు. అరెకరం ఉన్నవాడి గింజా, అయిదెకరాలు ఉన్నవాడి గింజా ఒకే దొప్పలో చేరడం నాకు భలే నచ్చింది.

రాత్రి థింసా ఉంటుంది. ఆడవాళ్లు ఒకరి నడుము వెనుక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరుస కడితే, తుడుము, డప్పు, మోరి అనే ఊదే వాద్యం మోగుతాయి. అరకు రిసార్టుల్లో అతిథుల ముందు ఆడే థింసాకు గడియారం ఉంటుంది. ఇక్కడ కాళ్లు నొప్పి పుడితేనే ఆట ఆగుతుంది. జీలుగు చెట్టు కల్లు ఇస్తారు. పొద్దున దించినది తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసి తలకెక్కుతుంది. ఘాట్ రోడ్డులో బండి నడపవలసినవాళ్లు దాని జోలికి పోకండి.

తేదీల విషయానికి వస్తే, పండుగ అన్ని ఊళ్లలో ఒకే రోజున జరగదు. ఏ ఊరి ముహూర్తం ఆ ఊరిదే, ఒక్కోచోట వారం దాకా సాగుతుంది. పాడేరులో గానీ హుకుంపేట సంతలో గానీ అడిగితే ఆ వారం ఎక్కడెక్కడ ఉందో చెబుతారు. ఊళ్లోకి వెళ్లేముందు పెద్దవాళ్లతో ఒక మాట చెప్పండి, పూజ దగ్గర ఫోను తీసేముందు అడగండి. రాత్రికి పాడేరులోనో అరకులోనో గది చూసుకోండి. మీరు వెళ్లేసరికి ఇటుకల పండుగ అయిపోతే మే నెలలో పాడేరులో మోదకొండమ్మ జాతర మూడు రోజులు జరుగుతుంది. అది వేరే తీరు, జనం పోటెత్తుతారు, గది దొరకడం కష్టం.