పటం మీద పడాల్సిన వెలుగు సోఫా మీద పడుతుంటే?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫాల్స్ సీలింగ్‌లో బిగించి, కావలసిన వైపు వంచుకోగల ‘తిరిగే’ లైట్ల గురించే. అందుకే మిగతా కరెంటు ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేశాను.

ప్రశ్న: హాల్లో గోడకు తంజావూరు పటం, పక్కనే మా అత్తమామల ఫొటో ఉన్నాయి. వాటి మీద వెలుగు పడాలని సీలింగ్‌లో తిరిగే కాబ్ లైట్లు (చిన్న ఎల్‌ఈడీలన్నీ ఒకేచోట గుత్తిగా ఉండేవి) పెట్టించాం. సీలింగ్ ఎత్తు 9 అడుగులు. లైట్లు గోడకు 4 అడుగుల దూరంలో ఉన్నాయి. ఎంత వంచినా వెలుగు పటాల కిందికే, సోఫా మీదకే పోతోంది. పైగా ఫొటో అద్దంలో లైటు మెరుస్తోంది. లైట్లు మార్చేయాలా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: లైట్లు మార్చక్కర్లేదమ్మా, కన్నాలు మార్చాలి. పటం నడిమి భాగం నేలకు 5 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. సీలింగ్ నుంచి అక్కడికి 4 అడుగులు దిగాలి. గోడకు కూడా 4 అడుగుల దూరమే కాబట్టి లైటు 45 డిగ్రీలు వంగితే తప్ప పటాన్ని చేరదు. బజార్లో దొరికే మామూలు రకాలు చాలావరకు 30 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. అలా ఆగిన వెలుగు గోడను నేలకు రెండడుగుల ఎత్తులో తాకుతుంది. అక్కడ మీ సోఫా ఉంది. పాపం, లైటు తప్పేమీ లేదు.

లెక్క చాలా చిన్నది. సీలింగ్ నుంచి పటం నడిమికి ఎన్ని అడుగులో చూసి 0.58తో గుణించండి. మీకు 4 అడుగులు కాబట్టి సుమారు 2 అడుగుల 4 అంగుళాలు వస్తుంది. గోడకు అంత దూరంలో, పటానికి సరిగ్గా ఎదురుగా కన్నం కోయిస్తే 30 డిగ్రీల వంపులో వెలుగు పటం నడిమికి వస్తుంది. పాత కన్నాలు మాత్రం పూడ్పించకండి. ఎంత పనిమంతుడు పుట్టీ పెట్టినా కొత్త పెయింటు పాత రంగుతో కలవదు, రాత్రి లైటు వేయగానే గుండ్రటి మచ్చ తెలిసిపోతుంది. వాటిలో తిరగని మామూలు లైట్లు పెట్టుకోండి, హాలుకు ఎలాగూ వెలుగు కావాలి.

ఇక బీమ్ యాంగిల్, అంటే వెలుగు ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందో చెప్పే కోణం. పెట్టె మీద 24 డిగ్రీలు, 36 డిగ్రీలు అని రాసి ఉంటుంది. మీ కొలతలకు 24 డిగ్రీల లైటు సుమారు రెండడుగుల వెడల్పున వెలుగు వేస్తుంది, 36 డిగ్రీలది మూడడుగులు. రెండడుగుల పటానికి 24 సరిపోతుంది. రంగు 3000 కెల్విన్ (పసుపు వెలుగు) తీసుకోండి, సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 ఉన్నది దొరికితే ఇంకా మంచిది. తంజావూరు పటంలో మక్కుతో ఉబ్బెత్తుగా చేసిన పని, దాని మీద బంగారు రేకు పైనుంచి ఏటవాలుగా వచ్చే పసుపు వెలుగులోనే లేచి కనిపిస్తాయి. 6500 కెల్విన్ తెల్ల లైటు వేస్తే ఆ బంగారం పాలిపోయి, తగరపు రేకులా ఉంటుంది.

ఫొటో అద్దంలో మెరిసేది చాలాసార్లు పటం లైటు కాదు, హాలు నడిమి లైటు. మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని, లైట్లు ఒక్కొక్కటే ఆర్పించి చూడండి, దొంగ దొరుకుతుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. పాత ఇళ్లలో పటాలను పైభాగం ముందుకు వాలేలా కట్టేవాళ్లు, గుర్తుందా? ఫ్రేము పైభాగం వెనక చిన్న చెక్కముక్క పెట్టి అలా కొద్దిగా వాల్చండి. అద్దంలో లైటుకు బదులు ఎదుటి గోడ కింది భాగం కనిపిస్తుంది, ఫొటోలో ముఖాలు చక్కగా తెలుస్తాయి.

ప్రశ్న: మా ఇంట్లో జిప్సమ్ సీలింగ్ ఉంది. 7 వాట్ల తిరిగే లైట్లు ఆరు కొన్నాను. డ్రిల్లు నా దగ్గరే ఉంది. నేనే బిగించుకోవచ్చా? (ఒక ఉద్యోగి, హనుమకొండ)

జవాబు: కన్నాలు కోయడం మీరు చేసుకోండి, కరెంటు కలపడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. 

కోసే ముందు పెట్టె మీద ‘కటౌట్’ (కోయాల్సిన కన్నం వెడల్పు) అని ఉన్న అంకె చూడండి. షాపువాళ్లు ‘మూడంగుళాల లైటు’ అంటే అది అంచు కొలతో కన్నం కొలతో వాళ్లకే తెలియదు. కటౌట్ 75 మిల్లీమీటర్లు అని ఉంటే అదే సైజు హోల్ సా (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) కొనండి. కన్నం ఎక్కువైతే అంచు కప్పదు, తక్కువైతే లైటు దూరదు.

తర్వాత ఒక అయస్కాంతం తీసుకుని సీలింగ్ మీద మెల్లగా జరపండి. జిప్సమ్ బోర్డును చానల్‌కు (దాన్ని పట్టి ఉంచే లోహపు పట్టీకి) బిగించిన స్క్రూల దగ్గర అది పట్టుకుంటుంది. ఆ వరుసలో చానల్ పోతోందని అర్థం, అక్కడ కోయకూడదు. మెయిన్ ఆపి, ముందు చిన్న రంధ్రం వేసి, వైరు లేదని రూఢి చేసుకున్నాకే హోల్ సా పెట్టండి. డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి. ఒక ప్లాస్టిక్ డబ్బా అడుగున చిల్లు పెట్టి డ్రిల్లుకు తొడిగితే పొడి కళ్లలో పడకుండా డబ్బాలోనే రాలుతుంది. అయినా కళ్లజోడు, మాస్కు ఉండాల్సిందే.

మొదటి కన్నం కోయగానే చెయ్యి లోపలికి పెట్టి పైన ఎంత ఖాళీ ఉందో చూడండి. పలుచటి ప్యానెల్ లైటుకు ఈ బెడద లేదు గానీ, తిరిగే లైటు వంగినప్పుడు దాని వెనక భాగం పక్కకు, పైకి లేస్తుంది. స్లాబ్ బీమ్ (కాంక్రీటు దూలం) కింద ఖాళీ తక్కువ ఉన్నచోట అది తగిలి, పది డిగ్రీలు కూడా వంగదు. అది తెలిసేసరికి ఆరు కన్నాలూ కోసేసి ఉంటే ఏం చేస్తారు? ఒకటి కోసి, ఒకటి బిగించి, వంచి చూసి, ఆ తర్వాతే రెండోది.

వైరింగ్‌లో మీరు పక్కన నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది, లైట్ల సర్క్యూట్‌కు 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్). ఆరు లైట్లూ కలిపి 42 వాట్లే, లోడ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. వైర్లు మెలేసి టేపు చుట్టడానికి మాత్రం ఒప్పుకోవద్దు. పై అంతస్తు అయితే మే నెలలో సీలింగ్ పైన వేడికి టేపు జిగురు ఎండి ఊడిపోతుంది. కనెక్టర్లు వాడమనండి. డ్రైవర్‌ను (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే చిన్న డబ్బాను) లైటు నెత్తిన పెట్టకుండా ఒక అడుగు పక్కన పడుకోబెట్టాలి. ఎల్‌ఈడీ లైట్లలో ముందుగా చచ్చేది డ్రైవరే, చంపేది వేడే. డ్రైవర్ మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూసి కొనండి.

బిగించేటప్పుడు రెండు స్ప్రింగులనూ పైకి మడిచి పట్టుకుని లోపలికి తోయాలి. వేలు అడ్డం పెడితే చురుక్కుమంటుంది. మాటిమాటికీ లాగి తీస్తే జిప్సమ్ అంచు పొడి పొడిగా రాలి, స్ప్రింగుకు పట్టు ఉండదు. 

ప్రశ్న: బెడ్‌రూమ్‌లో ఫ్యాను చుట్టూ నాలుగు లైట్లు పెట్టాం. ఫ్యాను వేయగానే గోడల మీద నీడలు గిరగిరా తిరుగుతున్నాయి. మా అబ్బాయి చదువుకోలేకపోతున్నాడు. (ఒక తండ్రి, కర్నూలు)

జవాబు: సీలింగ్‌ను చుక్కల ముగ్గులా నింపే డిజైన్ల పుణ్యం ఇది. 48 అంగుళాల ఫ్యాను రెక్క కొస నడిమి నుంచి రెండడుగులు వస్తుంది. లైటు దానికి దగ్గరగా ఉంటే వెలుగును రెక్క కోస్తూ పోతుంది. కొత్తగా పెట్టుకునేవాళ్లు ఫ్యాను నడిమి నుంచి కనీసం నాలుగడుగులు వదలండి. మీవి తిరిగే లైట్లయితే అదృష్టవంతులు. నాలుగింటినీ ఫ్యానుకు ఎదురు దిక్కుకు, గోడల వైపు వంచండి. నీడలు చాలావరకు పోతాయి. మామూలువైతే అదే కటౌట్‌లో తిరిగేవి తెచ్చి మార్చండి. అబ్బాయికి మాత్రం టేబుల్ లైటు కొనిపెట్టండి. చదువుకు సీలింగ్ లైటు ఎప్పుడూ చాలదు, తల నీడ పుస్తకం మీదే పడుతుంది.

ప్రశ్న: వచ్చే నెల స్లాబ్ వేస్తున్నాం. ఫాల్స్ సీలింగ్ ఉద్దేశం లేదు. స్లాబ్‌లోనే ఈ లైట్లు పెట్టొచ్చా? (ఒక రైతు, సూర్యాపేట)

జవాబు: పెట్టొచ్చు గానీ నిర్ణయం ఇప్పుడే చేయాలి. సెంట్రింగ్ మీద లోతైన బాక్సులు మేకులతో బిగించి, లోపల సిమెంటు పాలు దిగకుండా థర్మకోల్ కుక్కి, పైపులు కలిపి, ఆ తర్వాత కాంక్రీటు పోస్తారు. ఎన్ని బాక్సులు, ఎక్కడ అనేది మీ ఇంజినీర్‌కు చూపించండి. మంచం, బీరువా, దేవుడి గది ఎక్కడో ముందు కాగితం మీద గీసుకోండి, బాక్సును తర్వాత జరపలేం. స్లాబ్ అయ్యాక చిప్పింగ్ చేసి పెడతామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, ఊచలు బయటపడతాయి. మూసిన బాక్సులో గాలి ఆడదు కాబట్టి వాట్లు తక్కువ ఉన్నవే పెట్టాలి. నన్నడిగితే, రెండు మూడు చోట్ల స్లాబ్ కిందకి బిగించే తిరిగే సిలిండర్ లైట్లు చాలు. కుర్చీ వేసుకుని మార్చుకోవచ్చు కూడా.

ప్రశ్న: స్విచ్ ఆపినా లైట్లు రాత్రంతా మసకగా వెలుగుతున్నాయి. కరెంటు లీకవుతోందా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: స్విచ్‌లో ఎర్రటి ఇండికేటర్ ఉందా? ఉంటే దాని గుండా వచ్చే కాస్త కరెంటే ఎల్‌ఈడీకి చాలు. ఇండికేటర్ లేని స్విచ్ వేస్తే ఆరిపోతుంది. ఇండికేటర్ లేకపోతే స్విచ్‌కు ఫేజ్ బదులు న్యూట్రల్ ఇచ్చారేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇది రెండో రకం అయితే స్విచ్ ఆపినా పైన లైటు దగ్గర ఫేజ్ అలాగే ఉంటుంది. సరిచేయించే దాకా మెయిన్ ఆపకుండా ఆ లైటును ముట్టుకోవద్దు.