ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌కు గిటార్ యాంప్ సరిపోతుందా, వేరే స్పీకర్ కొనాలా?

కిట్ తిరుపతి బైరాగిపట్టెడలో మేడమీద అద్దె గదిలో ఉందన్నారు. ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల సీజన్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తారు. ఫ్రెండ్ తన గిటార్ యాంప్ ఊరికే ఇస్తానన్నాడు, తీసుకోవచ్చా అని మీ ప్రశ్న. వద్దండి. డబ్బు కూడబెట్టి 12 అంగుళాల వూఫర్ (లోతైన శబ్దం పలికే పెద్ద స్పీకర్) ఉన్న పవర్డ్ పీఏ స్పీకర్, అంటే యాంప్ లోపలే ఉండి సభల్లో వాడే బాక్సు, ఒక్కటి, నాణ్యమైనది కొనుక్కోండి. తిరుపతి ఆర్కెస్ట్రాల్లో మొదట ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్), తర్వాత ఎలక్ట్రానిక్ కిట్ వాయిస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను.

గిటార్ యాంప్‌లోని స్పీకర్ సుమారు 70 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ వరకే బాగా పలుకుతుంది. గిటార్‌కు అంతే చాలు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) అసలు బలం 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, హై-హ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే జంట తాళాలు) మెరుపు 10 కిలోహెర్ట్జ్ పైన కూడా ఉంటుంది. అంటే కింద పునాది, పైన తళుకు రెండూ పోయి, మధ్యలో టపటపలు మిగులుతాయి. పైగా గట్టిగా కిక్ కొడుతూ పోతే ఆ స్పీకర్ కోన్ పాడయ్యే ప్రమాదం ఉంది. కీబోర్డ్ యాంప్ అయితే నయం. డ్రమ్స్ కోసమే చేసిన రోలాండ్ పీఎం-100 (80 వాట్లు, 10 అంగుళాలు), పీఎం-200 (180 వాట్లు, 12 అంగుళాలు) కూడా మంచివే. కానీ అదే స్పీకర్ రేపు గొంతుకూ, కీబోర్డుకూ, చిన్న హాలుకూ పనికిరావాలంటే పీఏ స్పీకరే నయమని నా అభిప్రాయం.

షాపులో జాగ్రత్త. ఫోన్‌లో పాట పెట్టి వినిపిస్తారు, అది దాదాపు ప్రతి బాక్సులోనూ బాగానే ఉంటుంది. రికార్డింగ్‌లో దెబ్బల ఎత్తుపల్లాలు ముందే అణిచేసి ఉంటారు. మీ మాడ్యూల్ (ప్యాడ్ల దెబ్బలను శబ్దంగా మార్చే పెట్టె) నుంచి వచ్చే కిక్ అలా ఉండదు, ఒక్క క్షణంలో శిఖరానికి లేస్తుంది. అందుకే మాడ్యూల్, కిక్, స్నేర్, హై-హ్యాట్ ప్యాడ్‌లు వెంట పట్టుకెళ్లండి. తిరుపతిలో నచ్చింది దొరక్కపోతే చెన్నై మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్ లాంటి పాత షాపులున్నాయి. స్పీకర్ ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే బటన్లు) ఫ్లాట్‌లో, అంటే ఏదీ పెంచకుండా తగ్గించకుండా పెట్టించండి, డీజే మోడ్‌లో వినొద్దు. ఇన్‌పుట్ స్విచ్ లైన్ మీద ఉందో లేదో చూసుకోండి, మైక్ మీద ఉంటే మంచి బాక్సు కూడా గరగరలాడుతుంది. మాస్టర్ వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర ఉంచి కిక్, స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) కలిపి గట్టిగా కొట్టండి. 'ధమ్' అన్నది 'ఫట్' అని చితికినా, లిమిట్ లైటు (శక్తికి మించిందని చెప్పే దీపం) ఆరకుండా వెలిగినా ఆ బాక్సు మీకు చాలదు. తర్వాత హై-హ్యాట్ సగం తెరిచి నెమ్మదిగా వాయించండి, చెవిలో గుచ్చకుండా స్పష్టంగా వినబడాలి.

డబ్బా మీది వాట్లు చూసి మోసపోవద్దు. పెద్ద అంకె సాధారణంగా పీక్‌దే (ఒక్క క్షణం ఇవ్వగలిగింది), మీరు అడగాల్సింది ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగింది). వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కొద్ది తేడాయే.

బ్లూటూత్ స్పీకర్ ఆలోచనే పెట్టుకోకండి. 120 టెంపోలో (నిమిషానికి 120 బీట్లు) ఒక సిక్స్‌టీన్త్ నోట్, అంటే బీట్‌లో నాలుగో వంతు, 125 మిల్లీసెకన్లు. బ్లూటూత్ ఆలస్యం దాదాపు అంత ఉంటుంది, తాళం ఎలా నిలుస్తుంది?

ఒకే స్పీకర్ కాబట్టి కేబుల్ మాడ్యూల్‌లో 'ఎల్/మోనో' అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టండి. 'ఆర్' ఖాళీగా ఉంటేనే రెండు వైపుల శబ్దమూ కలిసి వస్తుంది. కల్యాణ మండపంలో జనానికి వినిపించే పని అక్కడి సౌండ్ వాళ్లది. మీ స్పీకర్ వెనక ఉన్న అవుట్‌పుట్ నుంచి వాళ్ల మిక్సర్‌కు లైన్ ఇవ్వండి, స్పీకర్‌ను మాత్రం మీ చెవి ఎత్తులో మానిటర్‌గా, అంటే మీరు వినడానికి, పెట్టుకోండి. హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తే ముందు మీరూ, సౌండ్ వాళ్లూ ఒకే బోర్డు నుంచి కరెంట్ తీసుకోండి, అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లిఫ్ట్ (కేబుల్‌లో ఎర్త్ కలపకుండా ఆపే స్విచ్) ఉన్న డీఐ బాక్సు (మీ లైన్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె) అడగండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం పీకకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

ఇంట్లో సాధనకు హెడ్‌ఫోన్సే వాడండి. అప్పుడు కూడా పెడల్ కింద మందపాటి రబ్బర్ మ్యాట్ వేయండి, స్లాబ్ గుండా కింది ఇంటివాళ్లకు దిగేది కాలి దెబ్బే.