తుమ్ములకు కోనోకార్పస్‌ను తిట్టే ముందు పక్క ప్లాటు చూడండి

"హైదరాబాద్ వచ్చి రెండేళ్లయింది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆగకుండా తుమ్ములు, ఇది కోనోకార్పస్ చెట్ల వల్లేనా?" అని అడిగారు. కాకపోవచ్చండీ. ఆ చెట్టును నేనేమీ వెనకేసుకురావట్లేదు గానీ, మీరు చెప్పిన నెలల్లో అసలు దొంగ ఎక్కువగా వయ్యారిభామ అనే కలుపు మొక్క. కొన్నిచోట్ల కాంగ్రెస్ గడ్డి అంటారు.

నాలుగేళ్ల కింద బతుకమ్మకు గునుగు పూలు కొనడమెందుకు, వెనక ప్లాటులో బోలెడుంది కదా అని పొద్దున్నే సంచి పట్టుకుని దిగాను. గునుగు మధ్యలో, చుట్టూ నడుం దాకా వయ్యారిభామ, నిండా తెల్లపూత. తోసుకుంటూ వెళ్లి సంచి నింపుకొచ్చా. మధ్యాహ్నానికి తుమ్ములు, రాత్రికి కళ్లు బూరెల్లా ఉబ్బాయి, మెడంతా దద్దుర్లు. ఫ్రిజ్ నీళ్లు తాగితే అంతేనని అమ్మ, గునుగు పడలేదని మా ఆవిడ. సద్దుల రోజు వాకిట్లో అందరూ ఆడుతుంటే నేను తలుపేసుకుని గదిలో. తర్వాత డాక్టరు ఎలర్జీ పరీక్షకని ముంజేతి మీద రకరకాల పుప్పొడి చుక్కలు వరసగా వేసి గుచ్చితే వయ్యారిభామ చుక్క దగ్గర ఇంత బొబ్బ లేచింది. తోటకూర జాతి చుక్క దగ్గర ఏమీ లేదు, గునుగుదీ ఆ కుటుంబమే కాబట్టి పాపం దాన్ని నిర్దోషిగా వదిలేశా.

వయ్యారిభామ తొలకరికి మొలిచి నెలా నెలన్నరలో పూతకొస్తుంది, అందుకే మీకు ఆగస్టు నుంచి మొదలు. గట్టి వాన పడిన రోజు పుప్పొడి కొట్టుకుపోయి హాయిగా ఉంటుంది, రెండ్రోజులు ఎండ కాసి గాలి లేచిందా, మళ్లీ జేబురుమాలే. 1950ల్లో పూణెలో కనబడిందట, అమెరికా గోధుమలతో వచ్చిందంటారు. దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లోనే బెంగళూరులో వదిలారు, మా కాలనీ దాకా మాత్రం ఇంకా రాలేదు.

నాకు ఒళ్లు మండేది కోసేవాళ్లను చూస్తే. జులైలో లేతగా ఉన్నప్పుడు, గ్లౌజులేసుకుని వేళ్లతో పీకితే పోయేదానికి, సెప్టెంబరులో పూత మీద మిషన్ పెట్టి వీధంతా దుమ్ము లేపుతారు. ఒక్కో మొక్కకు వేలల్లో విత్తనాలు, మళ్లీ ఏడాదికి సరిపడా వాళ్లే చల్లి వెళ్తారు.

ప్లాటు ఓనరేమో డల్లాస్‌లో ఉంటాడు. మొన్న వాట్సాప్‌లో ఫోటో పెట్టి విషయం చెబితే, "పచ్చగా బాగానే ఉంది కదన్నా, రేటెంత నడుస్తోంది ఇప్పుడు?" అన్నాడు.