రిపోర్టులన్నీ నార్మల్, కడుపునొప్పి మాత్రం తగ్గడం లేదు. ఇదంతా నా భ్రమేనా?

ఆఫీసులో మీటింగ్ అంటే చాలు కడుపు మెలిపెట్టి బాత్రూముకి పరుగెత్తాల్సి వస్తోందనీ, ఎండోస్కోపీ, స్కాన్ అన్నీ బాగానే ఉండడంతో ఇంట్లోవాళ్లు భ్రమ అని కొట్టిపారేస్తున్నారనీ రాశారు. భ్రమ కాదండీ. నాకు చాలా ఏళ్లుగా ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో ఏమీ తేలకపోయినా కడుపునొప్పి, విరేచనాల ఇబ్బంది పదేపదే వచ్చే పేగుల సమస్య) ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కాలంటే పొద్దున్నే టిఫిన్ మానేసేదాన్ని. సూర్యాపేట ఎప్పుడొస్తుందా, బస్సు ఎంతసేపు ఆపుతాడా అన్నదే ధ్యాస. పక్క సీట్లో ఎవరున్నారో కూడా చూసేదాన్ని కాదు.

స్కాన్‌లో పేగు ఆకారం కనిపిస్తుంది, దాని నరాలు ఎంత సున్నితంగా ఉన్నాయో కనిపించదు. పరిశోధకులు పెద్దపేగు చివర చిన్న బెలూన్ పెట్టి గాలి నింపి చూశారు. మామూలు మనుషులు పట్టించుకోనంత ఒత్తిడికే ఐబీఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి నొప్పి పుట్టింది. పేగుల గోడల్లోనే కోట్ల కొద్దీ నాడీకణాలున్నాయి. అక్కడి నుంచి మెదడుకి వెళ్లే ప్రధాన దారి వేగస్ నరం. అందులో సుమారు 80 శాతం తంతులు కబురు మోసేది కింది నుంచి పైకే. అందుకే కడుపు బాగాలేని రోజు మనసూ బాగుండదు.

పై నుంచి కిందికి వచ్చే ప్రభావాన్ని కళ్లారా చూసిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. 1822లో అమెరికాలో సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ గాయం తగిలింది. ప్రాణం దక్కింది కానీ పొట్టకు పడ్డ రంధ్రం పూడలేదు. విలియం బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ రంధ్రంలోంచే ఏళ్ల తరబడి జీర్ణక్రియను గమనించాడు. రోగికి కోపం వస్తే అరుగుదల దెబ్బతింటోందని రాసిపెట్టాడు. టెన్షన్ పడినప్పుడు జీర్ణాశయం నెమ్మదిస్తుంది, పెద్దపేగు మాత్రం వేగం పుంజుకుంటుంది. మీటింగ్ ముందు మీకు జరిగేది అదే.

వాట్సాప్‌లో తిరిగే ఒక మాట గురించి కూడా చెప్పాలి. మనసు బాగుండడంతో ముడిపెట్టి చెప్పే సెరటోనిన్ అనే రసాయనంలో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, నిజమే. కానీ అది రక్తం ద్వారా మెదడులోకి వెళ్లలేదు. కాబట్టి ఫలానా పొడి తాగితే దిగులు పోతుందని అమ్మేవాళ్లను నమ్మకండి. పెరుగన్నం తినండి, పడితే మంచిదే. దాన్ని మందు అనుకోవద్దు.

మా డాక్టరు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాశారు. చీటీ చూసి అమ్మ "పిచ్చి మందులెందుకే నీకు?" అని ఏడ్చినంత పని చేసింది. డిప్రెషన్‌కి వాడేదే, కానీ ఇక్కడ మోతాదు చాలా తక్కువ, పని నొప్పి కబురును తగ్గించడం. బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో 10 నుంచి 30 మిల్లీగ్రాముల మోతాదు ఐబీఎస్‌కి ఉపయోగపడిందని తేలింది, 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సొంతంగా మాత్రం కొనుక్కోకండి, నోరెండిపోవడం, మగత లాంటివి ఉంటాయి. నాకు మందుతో పాటు, డైటీషియన్ చెప్పినట్టు కొన్ని వారాలు ఉల్లి, వెల్లుల్లి మానేసి చూడడం, బస్సెక్కే ముందు పొట్ట కదిలేలా నెమ్మదిగా ఊపిరి పీల్చి ఇంకా నెమ్మదిగా వదలడం కలిసొచ్చాయి. ఇప్పుడు టిఫిన్ తినే బయల్దేరుతున్నాను.

విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే నొప్పి ఉంటే, లేదా 50 దాటాక మొదటిసారి ఇలా మొదలైతే, ఐబీఎస్ అని ఊరుకోవద్దు, వెంటనే చూపించుకోండి. అవేవీ లేకపోతే రెండు వారాలు ఏం తిన్నారో, నొప్పి ఎప్పుడొచ్చిందో, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో రాసుకుని గ్యాస్ట్రో డాక్టరుకి చూపించండి. "నాకున్నది ఐబీఎస్సేనా, వైద్యం ఏంటి?" అని సూటిగా అడగండి. వీలైతే ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి, మీరు చెబితే విననిది డాక్టరు చెబితే వింటారు.